నాయన భుజం మీది తువ్వాలు

నేను అడిగి నాలుగు రోజులైంది. ఇంతవరకు ఒక్కరూ జవాబు చెప్పలేదు.

అడిగింది వీధిలో పోయేవాళ్ళని కాదు. నా కొడుకుని, కోడల్ని, కూతుర్ని, అల్లుణ్ణి. నలుగురూ చూశారు. చూసినట్టు ఫోన్లో నీలం గీతలు పడతాయని నాకూ తెలుసు. ముసలాయనకు తెలియదులే అనుకుంటే అది వాళ్ళ పొరపాటు.

సంగతి ఇది. వచ్చే వారం నా పుట్టినరోజట. నేను పుట్టిన రోజు నిజానికి ఎవరికీ తెలియదు. వానకు దారి తెగి, మంత్రసాని పడవలో వచ్చిన రోజున పుట్టానని అమ్మ చెప్పేది. ఆధార్ కార్డులో ఉన్న తేదీ బడిలో అయ్యవారు తన వీలు చూసుకుని వేసింది. ఆ తేదీకి ఏమివ్వాలా అని మా కుటుంబం గ్రూపులో కూతురు మొదలుపెట్టింది. ఆ గ్రూపులో నేనూ ఉన్నానని మరిచిపోయింది. నన్ను మరిచిపోవడం ఈ ఇంట్లో కొత్తేమీ కాదు.

కాళ్ళు నొక్కే యంత్రం కొందామన్నాడు కొడుకు. జారి పడితే దానంతటదే ఫోన్ చేసే గడియారం ఉందన్నాడు అల్లుడు. నేను జారి పడతానని ఆయనకంత నమ్మకం. పోయినేడు ఒక్కసారి స్కూటర్ మీంచి పడ్డాను. ఆ రోజు నుంచి తాళంచెవి కనబడటం లేదు. ఎవరు తీశారో అడిగాను. దానికీ జవాబు రాలేదు. తర్వాత వాలుకుర్చీ అన్నారు, బీపీ మిషన్ అన్నారు. చివరికి కూతురు రాసింది: "ఇవేవీ నాన్న వాడరు. మెత్తటి మంచి తువ్వాళ్ళు తీసుకుందాం. రోజూ పనికొస్తాయి."

అప్పుడు నేను రాశాను. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ, అద్దాలు రెండుసార్లు తుడుచుకుని రాశాను. "నాకు ఏమీ వద్దు. తువ్వాలు అసలే వద్దు. నన్ను ఒక్కసారి మా అన్న దగ్గరికి తీసుకుపోండి. ఆయన్ని ఒక మాట అడగాలి."

అల్లుడు బొటనవేలు బొమ్మ పెట్టాడు. ఆ తర్వాత అందరూ కలిసి కాళ్ళు నొక్కే యంత్రానికి గ్యారంటీ ఎన్నేళ్ళో మాట్లాడుకున్నారు.

ఆ మాట ఏమిటని ఎవరూ అడగలేదు. అడగకపోయినా చెబుతాను.

మాది పులికాట్ ఒడ్డున ఒక చిన్న ఊరు. బయటివాళ్ళు దాన్ని సరస్సు అంటారు. మేము ఉత్త 'నీళ్ళు' అనేవాళ్ళం. 'నీళ్ళకు పోయినాడు' అంటే వేటకు పోయాడని. తూర్పున, నీళ్ళకు అవతల, శ్రీహరికోట అడవి నల్లటి గీతలాగా కనిపించేది. అప్పటికి అక్కడినుంచి ఏదీ ఆకాశంలోకి లేచేది కాదు, పొద్దు తప్ప.

మా వీధికి రెండు వాసనలు. ఒకటి ఇసుకలో ఆరబోసిన రొయ్యలది. రెండోది తుమ్మచెక్క ఉడికే వాసన. పెద్ద కాగుల్లో తుమ్మచెక్క కాచి, ఆ ఎర్రటి రసంలో నూలు వలలు ముంచేవాళ్ళు, ఉప్పుకు తొందరగా చివికిపోకుండా. ఆ రసం చేతులకు అంటితే పది రోజులు పోదు. మా నాయన చేతులు ఎప్పుడూ ఆ రంగే. ఆయన పుట్టడమే ఆ చేతులతో పుట్టాడని నేను అనుకునేవాణ్ణి.

నేను ఆఖరివాణ్ణి. మా అన్నకు, నాకు పదిహేనేళ్ళు తేడా. మధ్యలో పుట్టినవాళ్ళు నిలబడలేదు. నాకు ఊహ తెలిసేసరికే నాయన తల పూర్తిగా నెరిసింది. బడిలో పిలకాయలు "మీ తాత వచ్చినాడు పోరా" అనేవాళ్ళు. అలా వెక్కిరించినవాళ్ళ పేర్లు ఇప్పటికీ చెప్పగలను. ఇద్దరు పోయారు. పోయినంత మాత్రాన అన్నది అనకపోయినట్టు కాదు.

నాయన నీళ్ళు రుచి చూసేవాడు. పడవ ఎక్కే ముందు, తోసే గెడ పక్కన పెట్టి వంగి, దోసిట్లో ఇన్ని నీళ్ళు తీసుకుని, పుక్కిట పట్టి, ఉమ్మేసి, ఒక్క క్షణం కళ్ళు మూసుకునేవాడు. వానాకాలం వాగులు తెచ్చే తీపినీళ్ళు, సముద్రంతో కలిసే మొగలోంచి ఎక్కివచ్చే ఉప్పునీళ్ళు, ఏది ఎంత కలిసిందో దాన్ని బట్టి రొయ్య ఎటు నడుస్తుందో చెప్పేవాడు. ఊళ్ళో చాలామంది అలా చూసేవాళ్ళే. కానీ నాయన మాట కోసం కాసేపు ఆగి వినేవాళ్ళు.

నేనొకసారి ఆయన్ని మోసం చేద్దామని తాగేనీళ్ళలో ఉప్పు కలిపి చెంబుతో ఇచ్చాను. "నాయనా, దూరంగా పోయి తెచ్చినా, చూడు" అన్నాను. ఆయన పుక్కిలించి ఉమ్మేశాడు.

"ఇది మీయమ్మ ఉప్పుకుండలో నీళ్ళురా. పిడికెడు పోసినావు. మీయమ్మకు చెప్పేదా?"

"వద్దు నాయనా."

"అయితే నా వీపు గోకు."

అదీ మా బేరం.

మధ్యాహ్నం నీళ్ళనుంచి వచ్చేసరికి అమ్మ మడవచేపల పులుసు దించి ఉండేది. మామిడికాయ ముక్కలు వేసి, చిక్కగా. నాయన చేప తలకాయ తన కంచంలో వేయించుకుని, నడిమి ముక్క నా కంచంలోకి తోసేవాడు. "ఆయనకు కండ అక్కర్లా, ముండ్లు నాకుతాడు" అని అమ్మ గొణిగేది. అన్న మాత్రం తలెత్తకుండా తినేవాడు. మా అన్న మాట్లాడటం తక్కువ. అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే. నా బాధంతా అదే.

నాకు పదేళ్ళున్న ఏడాది ఎండాకాలంలో ఒకరోజు నాయన నీళ్ళకు పోయి పొద్దు నెత్తికెక్కినా రాలేదు. ఎండమావులు లేచి, నీళ్ళేవో ఆకాశమేదో తెలియకుండా ఉంది. చివరికి మా వీధివాళ్ళిద్దరు ఆయన్ని వాళ్ళ పడవలో తెచ్చారు. నాయన పడవను వెనక తాడు కట్టి లాక్కొచ్చారు. ఒడ్డున పదిమంది ఉన్నారు. తెచ్చినవాళ్ళలో ఒకడు మా అన్నతో గట్టిగా అన్నాడు:

"మీ నాయన మదరాసుకు పోతా కనబడినాడ్రా. టిక్కెట్టు లేదని మళ్ళించినాం!"

అందరూ నవ్వారు. నాయన కూడా నవ్వాడు. "తప్పిపోలేదురా, నీళ్ళు చూస్తా నిలబడినా" అన్నాడు. అన్న నవ్వలేదు. ఆ పూట అన్నం ముట్టలేదు. నాయన కాళ్ళు వాచి ఉన్నాయని, చూపు ఆనడం లేదని అప్పటికే అన్నకు తెలుసు. నాకు తెలియదు. నాకెవరూ చెప్పలేదు.

ఆ తర్వాత అన్న నాయనకు వస్తువులు తేవడం మొదలుపెట్టాడు. మొదట సూళ్ళూరుపేట నుంచి బస్సు మీద వేసుకుని గుడ్డకుర్చీ తెచ్చాడు, మడిచేది. మా వీధిలో అదే మొదటి కుర్చీ.

"నాయనా, ఇంక దీంట్లో హాయిగా కూచో."

నాయన కొత్త పడవను చూసినట్టు దాని చుట్టూ తిరిగాడు. ఒంగి కింద కూడా చూశాడు.

"బాగుండాది. గెడ యాడ దిగెయ్యాలిరా దీనికి?"

కుర్చీలో ఆయన కూర్చోలేదు. మా పెట్ట దాంట్లో గుడ్లు పెట్టింది. తర్వాత అన్న కళ్ళజోడు తెచ్చాడు. నాయన అది పెట్టుకుని ఒడ్డున నిలబడి నీళ్ళవైపు చాలాసేపు చూసి, తీసి అన్న చేతిలో పెట్టాడు. "నీళ్ళు నా దగ్గరికొచ్చినాయిరా. అవి రానక్కర్లా. నేనే పోతా."

ఆ సాయంత్రం అమ్మ పొయ్యి దగ్గర అన్నతో చెప్పిన మాట నేను విన్నాను. "ఆయనకు కావాల్సింది అంగట్లో లేదురా పెద్దోడా."

"మరేం కావాలంట?"

"పొద్దున లేచి, గాలి ఎట్టుండాది నాయనా అని అడుగు. ఆయన చెప్పింది విను. అంతే."

మరుసటి పొద్దున నేను నిద్రపోతున్నట్టు నటిస్తూ విన్నాను, అన్న అడుగుతాడేమోనని. అడగలేదు. ఎందుకు అడగలేకపోయాడో నాకు ఇప్పుడు కొంచెం అర్థమవుతుంది. అడిగితే నాయనను ఇంకో ఏడాది నీళ్ళమీదికి పంపక తప్పదు.

ఇక పాడు సంగతి చెప్పాలి. నీళ్ళలో వల కట్టే మంచి చోట్లు కొన్నే ఉంటాయి. ఊరందరికీ అవే చోట్లు. అందుకని ఎవరికి ఏ చోటు, ఏ రోజు అన్నది గుర్తులు తీసి పంచుకునేవాళ్ళు. ఆ వంతునే పాడు అంటారు. ఇంటికొక గుర్తు. ఒకరిది గవ్వ, ఒకరిది ముడివేసిన తాటాకు, ఒకరిది పలకరాయి ముక్క. మా నాయనది వలకు కట్టే సీసపు గుండు, ఒక పక్క పంటిగాటు ఉన్నది. వానలు వెనకబట్టినాక ఒక రోజు గంగమ్మ రాయి ముందు ఇసుకలో ఊరంతా కూర్చునేది. కొత్త కుండలో గుర్తులన్నీ వేసి, కదిలించి, చిన్నపిల్ల చేత ఒక్కొక్కటే తీయించేవాళ్ళు. మగవాళ్ళలో గుర్తు ఉన్నవాడే లెక్కలో మనిషి. గుర్తు లేనివాడు పడవ ఎక్కినా ఒకరి వెనక ఎక్కాల్సిందే, మాట్లాడినా ఒకరి తర్వాత మాట్లాడాల్సిందే.

తండ్రి గుర్తు కొడుక్కి ఎలా వస్తుందో నాకు అప్పుడు తెలియదు. ఇప్పుడు చెబుతాను. కుండ కదిలించే ముందు, అందరి ఎదుట, కొడుకు తండ్రి చేతికి కొత్త తువ్వాలు ఇస్తాడు. తండ్రి దాన్ని భుజాన వేసుకుంటే, ఇంక నేను నీళ్ళకు పోను, నా గుర్తు పెద్దకొడుక్కి ఇచ్చేశాను అని. ఏ కొడుకు చేత్తో ఇచ్చినా ఇచ్చినట్టే. ఇష్టం లేకపోతే తువ్వాలు తిరిగి ఇచ్చేస్తాడు. అప్పుడు ఆ ఏడాది ఎవరూ ఆ మాట ఎత్తరు. మా ఊళ్ళో చాలామంది మంచం పట్టేదాకా గుర్తు వదిలేవాళ్ళు కాదు కాబట్టి, ఆ ఇవ్వడం నేను కళ్ళతో చూడలేదు. అంతకు ముందు ఏడు మా అన్న నాయనకు ఒక తువ్వాలు ఇచ్చాడట. నాయన దాన్ని ఇసుకలో విసిరికొట్టాడట. ఆ రోజు నేను ఊళ్ళో లేను. ఆటలమ్మ పోసి మా అమ్మమ్మ ఇంట్లో పడుకుని ఉన్నాను.

పాడుకు ముందురోజు అన్న నన్ను వలలు ఆరేసే కర్రల వెనక్కి పిలిచాడు. సంచిలోంచి తువ్వాలు తీశాడు. తెల్లటిది, ఎర్ర అంచు. గంజి వాసన వేస్తోంది.

"రేపు నాయన గుర్తు కుండలో వెయ్యబోయే ముందు ఇది ఆయన చేతికియ్యి."

"నేనా?"

"నువ్వే. నేను తెచ్చినానని చెప్పబాక. ఎండ్రకాయలు అమ్మి నువ్వే కొన్నానని చెప్పు. మురిసిపోతాడు."

నేను నిజంగానే అప్పట్లో ఎండ్రకాయలు పట్టి రోడ్డు మీద అంగడికి ఇస్తుండేవాణ్ణి. అబద్ధం కూడా అతికేలాగే అల్లాడు. కానీ నాకది అబద్ధంలాగా తోచలేదు. మా అన్న నన్ను ఒక పనికి పిలవడం అదే మొదటిసారి. తువ్వాలు చొక్కా లోపల పెట్టుకుని పడుకున్నాను. గంజి గుచ్చుకుంటున్నా తీయలేదు.

మరునాడు గంగమ్మ రాయి దగ్గర అందరూ చేరారు. పాడు జరిపించే ఊరిపెద్దను మేము పెద్దకాపు అనేవాళ్ళం. ఆయన కుండ పట్టుకుని వరస తిరుగుతున్నాడు. నాయన వంతు వచ్చింది. ఆయన మొలలోంచి సీసపు గుండు తీశాడు. నేను జనంలోంచి దూరి పోయి తువ్వాలు చాచాను.

"నాయనా, ఇదిగో. నీకే."

అందరి తలలూ నావైపు తిరిగాయి. అంతమంది నన్నే చూడటం నాకు గొప్పగా ఉంది. నాయన నన్ను చూడలేదు. నా తలమీదుగా అన్నను చూశాడు. అన్న నీళ్ళవైపు చూస్తున్నాడు.

"ఏందిరా పిలగా ఇది? ఎవురు ఇమ్మన్నారు నీకు?" అన్నాడు పెద్దకాపు.

"నేనే తెచ్చినా. ఎండ్రకాయలు అమ్మి."

వెనకనుంచి ఎవరో "పెద్దోడి వల్ల కాంది సిన్నోడు చేసినాడే!" అన్నారు. కొందరు నవ్వారు. పెద్దకాపు నవ్వలేదు. నాయన పక్కన గొంతుకు కూర్చుని మెల్లగా అన్నాడు.

"మామా, వాడికి తెలియదు. తిరిగిచ్చెయ్యి, ఏం తప్పులా. నేను కుండ ఇంకో చుట్టు తిప్పుకోనొస్తా."

నాయన తువ్వాలు చేతిలోకి తీసుకున్నాడు. మడత విప్పాడు. అంచు వేళ్ళతో తడిమాడు.

"వాడికి తెలియకపోతే ఏమి, తెచ్చినాడు గదా" అన్నాడు. "బిడ్డ ముచ్చటపడి తెచ్చిన గుడ్డని మొఖాన కొట్టేదానికి నాకు చేతులు రావబ్బయ్యా."

దులిపి భుజాన వేసుకున్నాడు. గుండు కుండలో వేయలేదు. లేచి నాలుగడుగులు వేసి అన్న అరచేతిలో పెట్టాడు. "ఈ పక్క పంటిగాటు ఉండాది. కళ్ళు మూసుకున్నా తెలస్తాది" అన్నాడు. తర్వాత వరసలో తన చోటుకు రాలేదు. ఆడవాళ్ళు, పిల్లలు కూర్చునే పక్కకు వచ్చి నా దగ్గర కూర్చున్నాడు.

నేను ఆయన భుజం మీది తువ్వాలు కొస పట్టుకుని కూర్చున్నాను. మంచిపని చేశావని ఊరంతా నాతో అంటారని ఎదురు చూస్తూ.

ఇంటికొచ్చాక అమ్మ అడిగింది. "నిజం చెప్పు. ఎవురిచ్చినారు నీకది?"

నేను అన్నను చూశాను. అన్న కంచంలోకి చూస్తున్నాడు.

"నేనే కొన్నా" అన్నాను.

అమ్మ నన్ను కొట్టడం అదే మొదలు, అదే ఆఖరు. ఆ పూట నా కంచంలో ఉత్త పులుసే పడింది, ముక్క పడలేదు. అన్న కంచంలో రెండు ముక్కలున్నాయి. అవి చల్లారిపోయేదాకా ఆయన ముట్టలేదు. కానీ నోరు విప్పలేదు. ముక్కల సంగతి ఇంతకాలం గుర్తుపెట్టుకుంటావా అని నా కొడుకు ఒకసారి నవ్వాడు. పెట్టుకుంటాను. నా కంచం, నా గుర్తు.

సాయంత్రం నాయన నన్ను ఒడ్డుకు తీసుకుపోయాడు. పడవ మీద కూర్చోబెట్టాడు. ఆ పడవ అప్పటికే అన్నది.

"నువ్వే తెచ్చినావా?"

"ఔ నాయనా."

"నేను నీళ్ళకు పోయేది నీకు ఇష్టం లేదా?"

ఈ ప్రశ్నకు అన్న నాకు జవాబు నేర్పలేదు. ఎండమావుల రోజు గుర్తొచ్చింది. "నువ్వు మళ్ళీ తప్పిపోతావేమోనని బయం నాయనా" అన్నాను.

అది నిజమే. ఆ రోజంతటిలో నేను చెప్పిన ఒకే ఒక నిజం. అదే ఆయన్ని కట్టేసింది.

"సరేలే అయితే" అన్నాడు.

మూడో రోజో నాలుగో రోజో మా వీధి పిల్ల ఒకతె తువ్వాలు అంటే ఏమిటో నాకు చెప్పింది. ఆటలో ఓడిపోయిన కోపంతో చెప్పింది. "మీ నాయన్ని నువ్వే ఇంట్లో కూచోబెట్టినావంట గదా!" నేను పరిగెత్తి అన్న దగ్గరికి పోయాను. ఆయన వల కుట్టుకుంటున్నాడు.

"నాయనకు చెప్పు, నువ్వే ఇచ్చినావని."

"చెప్తాలే."

"ఇప్పుడే చెప్పు."

"చెప్తాలేరా. పో, ఆడుకో."

నేను చెప్పవచ్చు కదా అని మీరంటారు. నాకూ ఆ మాట తట్టింది. కానీ చెప్పాల్సింది ఆయన. నేను చెబితే చాడీ, ఆయన చెబితే నిజం. పదేళ్ళవాడికి ఉన్న మొండితనం అది. డెబ్బై ఏళ్ళకూ తగ్గలేదు.

అందుకని నేను ఇంకొకటి చేశాను. అన్న పడవ ఒడ్డుకు రాగానే, దాని అడుగున చేరిన నీళ్ళు కాదు, మోకాళ్ళ లోతుకు పోయి మంచినీళ్ళు, అంటే మంచి ఉప్పునీళ్ళు, చెంబులో ముంచుకుని నాయనకు తెచ్చేవాణ్ణి. ఆయన గుడ్డకుర్చీలో కూర్చోవడం నేర్చుకున్నాడు అప్పటికి. పెట్టను తోలి కూర్చునేవాడు. చెంబు అందుకుని, పుక్కిలించి, కుర్చీ పక్క ఇసుకలో ఉమ్మేవాడు.

"తీపి వెనక్కి పోతా ఉంది. మొగలోంచి కొత్త నీళ్ళెక్కినాయి. మీయన్నకు చెప్పు, రేపు వల ముందుగా కట్టమను. పొద్దు పొడిచేదాకా ఉండబాకమను."

నేను చెప్పాను. అన్న విన్నట్టే లేడు. "కుర్చీలో కూచోని నీళ్ళు చెప్తాడంటనా" అన్నాడు. కానీ మరునాడు చీకటితోనే పోయాడు. మా వాకిట్లో ఆ రోజు పరిచినన్ని రొయ్యలు నేను మళ్ళీ చూడలేదు. ఆ వాసనకు నాయన కుర్చీలోంచి తల ఎత్తి, ముక్కు ఎగబీల్చి, నాకు కన్ను గీటాడు. "ఎట్టా తెలిసిందిరా ముందుగా కట్టాలని?" అని వీధివాళ్ళు అన్నను అడిగారు. "గాలి చూసినా" అన్నాడు.

గాలి చూశాడట! నాయన పదడుగుల దూరంలో ఉన్నాడు. ఆయన చెవులు బాగానే పనిచేసేవి.

ఆ కాలమంతా ఆయనకు నేను తెచ్చింది ఆ చెంబుడు నీళ్ళే. కుర్చీ, కళ్ళజోడు, తర్వాత అన్న తెచ్చిన ఉన్ని శాలువా, వీటన్నిటికంటే ఆయన వాటికోసమే ఎదురు చూసేవాడు. నేను ఆలస్యంగా వస్తే "ఏం, ఈ పొద్దు నీళ్ళు బడికి పోయినాయా?" అనేవాడు. కొంచెం నవ్వేవాడు. పడవలు బయల్దేరే వేళకు మాత్రం గోడవైపు తిరిగి పడుకునేవాడు.

మరుసటి వానలకు నాయన పోయాడు. ఆఖరి రోజుల్లో ఆ తువ్వాలు తలకు చుట్టుకుని పడుకునేవాడు. ఎర్ర అంచు వెలిసి, గంజి ఎప్పుడో పోయింది. ఒకరోజు నేను చెంబుతో పోతే, లేచి పుక్కిలించే ఓపిక లేక వేలు ముంచి నాలుకకు రాసుకున్నాడు. తర్వాత తువ్వాలు తడుముకుని అన్నాడు: "నువ్విచ్చింది బో మెత్తబడిందిరా."

నేను అన్న కోసం చూశాను. గడపలోనే ఉన్నాడు. ఆ మాట విన్నాడు. విని బయటికి పోయాడు.

అంతే. నాయన నీళ్ళకు దూరమైంది నా కోరిక వల్లననుకుంటూ పోయాడు.

నన్ను చదివించింది మా అన్నే. పడవమీద ఎక్కనివ్వకుండా పట్నం బడికి పంపాడు. అదీ మరిచిపోలేదు. ఉద్యోగం వచ్చినాక అడిగాను. పెళ్ళిలో అడిగాను. అమ్మ దినాలలో అడిగాను. "ఇప్పుడెందుకురా అవన్నీ" అన్నాడు ప్రతిసారీ. అలా చెప్పిన వారానికి ఎవరి చేతో ఏదో ఒకటి పంపేవాడు. ఒకసారి ఎండురొయ్యలు, ఒకసారి మామిడికాయలు, ఒకసారి ఉప్పు పట్టించిన మడవచేపలు. అడిగినప్పుడల్లా మూట వచ్చేది. జవాబు రాలేదు. మా ఆవిడ ఉన్నన్నాళ్ళూ "మీరు అడుగుతూనే ఉండండి, కూరకు లోటుండదు" అని నవ్వేది.

ఇప్పుడు పాడు లేదు. మొగ పూడిపోయింది. మా నాయన పేరు మీద వచ్చే చోట్లలో ఒకదానిమీద ఎండాకాలం ఆటోలు పోతున్నాయని చెబుతారు. నూలు వలలు లేవు, తుమ్మచెక్క కాచేవాళ్ళు లేరు. రాకెట్ లేచినప్పుడు ఆ ఊరి పిలకాయలు తలెత్తి చూసి మళ్ళీ ఫోన్లలోకి దిగుతారట. అన్న ఆ ఊళ్ళోనే ఉన్నాడు. ఎనభై దాటాయి. చెవులు సరిగా వినబడవంటారు కాబట్టి ఫోన్లో అడిగే దారి కూడా పోయింది.

పోయిన నెల ఆయన మనవడు వచ్చాడు. చిన్న గుడ్డముక్కలో ముడివేసిన వస్తువు నా చేతిలో పెట్టాడు. విప్పకముందే, వేలితో ఒక పక్క తడమగానే తెలిసింది. పంటిగాటు.

"ఏమన్నా చెప్పమన్నాడా?" అని అడిగాను.

"ఏం లేదు తాతా. చేతికిచ్చి రమ్మన్నాడు, అంతే."

మళ్ళీ ఇంకొకరి చేత్తోనే.

ఆ గుండు నా దిండు పక్కనే ఉంది. అది ఇవ్వడానికి ఆయనకు ఎంత కష్టమైందో నాకు తెలియక కాదు. ఆ రోజు కూడా ఆయనకు వేరే దారి లేదేమో. వాచిన కాళ్ళతో, ఆనని చూపుతో నాయన ఎండమావుల్లోకి పోతుంటే చూస్తూ ఊరుకోలేకపోయాడేమో. నా స్కూటర్ తాళంచెవి దాచినవాణ్ణి నేను తిట్టుకుంటున్నాను గానీ, వాడికి నేనంటే పగ అని అనుకోవడం లేదు. ఇదంతా నేనే ఆయన తరఫున చెప్పుకుంటున్నాను. ఎన్నేళ్ళని చెప్పుకోను? అలిసిపోయాను.

ఈ పొద్దున గ్రూపులో, నేనూ చూస్తానని మరిచి, మా అమ్మాయి మళ్ళీ రాసింది. నేను అడిగినదానికి జవాబు కాదు. తువ్వాళ్ళు తెప్పించేసిందట. "నాన్న వద్దంటారు కదా, అందుకే మనం ఇవ్వొద్దు. మా చిన్నోడి చేత ఇప్పిద్దాం. వాడిస్తే కాదనలేరు" అని రాసింది. కింద నవ్వుతున్న బొమ్మ కూడా పెట్టింది. పిచ్చిపిల్ల, దానికి ఏమీ తెలియదు. వాడు తెస్తే నేను తీసుకుంటాను, ఇంకేం చేస్తాను?

కానీ 'వాడిస్తే కాదనలేరు' అనే ఆ వాక్యం కోసమే నేను అరవై ఏళ్ళుగా ఎదురు చూస్తున్నాను. రావలసిన నోటినుంచి రాలేదు.

అన్నా, నీ మనవడు చదివి వినిపిస్తాడని దీన్ని కాగితం మీద రాసి పంపుతున్నాను. చెవిలో గట్టిగా చదవమన్నాను. గుండు అందింది. రొయ్యలు పంపవద్దు, మామిడికాయలు పంపవద్దు. నేనడిగింది ఒకటే. వలకర్రల వెనక ఆ తువ్వాలు నా చేతిలో పెట్టినప్పుడు, నేనిస్తే నాయన కాదనలేడని నీకు తెలుసా, తెలియదా? తెలిసే నన్ను పంపినావా?

ఔనంటే ఔనను. ఎవరి చేతా చెప్పించబాక. నీ నోటితో నువ్వే చెప్పు.